ఏ ఊరికి ఏ నెల? బెజవాడ నుంచి టూర్ వెళ్లేముందు తేదీ ఖాయం చేసుకునే పద్ధతి

మూడేళ్ల క్రితం ఫిబ్రవరిలో మా అత్తయ్యగారిని తీసుకుని మున్నార్ వెళ్లాం. అక్కడి నీలగిరి తార్ అనే కొండమేకలను ఆవిడ టీవీలో చూశారు. ఒక్కసారి దగ్గర నుంచి చూడాలని ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. ఫిబ్రవరిలో వాన ఉండదు, చలి తట్టుకోగలం, రైలు టికెట్లు కూడా దొరికాయి. ఇంకేం కావాలని బయల్దేరాం. తీరా వెళ్తే ఎరవికులం నేషనల్ పార్క్ మూసి ఉంది. అది ఆ మేకలు ఈనే కాలం. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సందర్శకులను లోపలికి పంపరు. ముందే కనుక్కోకపోవడం మా తప్పే. "పోనీలేమ్మా, టీ తోటలైనా చూశాం కదా" అన్నారు అత్తయ్యగారు. మోకాళ్ల నొప్పులతో ఒక పగలూ రాత్రీ ప్రయాణం చేసి వచ్చిన మనిషి ఆ మాట అంటుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పటి నుంచి ఏ ప్రయాణమైనా ఒక పద్ధతి ప్రకారమే తేదీ పెడుతున్నాను. మా సత్యనారాయణపురంలో ఇరుగుపొరుగు వాళ్లు కూడా టూర్ అనగానే వచ్చి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతున్నాను.

ముందుగా ఏం చూడాలో ఒక్క వాక్యం రాయండి

"అరకు వెళ్దాం" అని రాస్తే సరిపోదు. అరకులో ఏం చూడాలి? పసుపు పచ్చని వలిసె పూల చేలు చూడాలంటే అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ మొదటి వారాల వరకు. కాఫీ పండ్లు ఎర్రగా పండి కోతకొచ్చినప్పుడు చూడాలంటే నవంబర్ తర్వాత. వంజంగి కొండ మీద నిలబడి కాళ్ల కింద మబ్బుల సముద్రం చూడాలన్నా, లంబసింగిలో చలి ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్నా డిసెంబర్, జనవరి. అదే మన్యం, అవే కొండలు. మీ కోరికను బట్టి నెల మారిపోతుంది.

కశ్మీర్ కూడా అంతే. శ్రీనగర్ తులిప్ తోట మార్చి చివర్లో తెరిస్తే దాదాపు నెల రోజులే పూలుంటాయి. గుల్మార్గ్‌లో మంచు బాగా ఉండేది డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు. ఈ రెండూ ఒకే టూర్‌లో కావాలంటే ఏదో ఒకటి అరకొరగానే దొరుకుతుంది. మున్నార్ కొండల మీద నీలకురింజి పన్నెండేళ్లకోసారి విరగబూస్తుంది. 2018లో పూసింది, మళ్లీ 2030లోనే.

దూరం వెళ్లలేని వాళ్లకు మన చుట్టుపక్కల కూడా ఇలాంటివి ఉన్నాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతులు చూడాలంటే చలికాలమే. మే నెలలో వెళ్లి "ఏముందిక్కడ" అని తిరిగొచ్చిన వాళ్లు నాకు తెలుసు.

ఇంట్లో నలుగురుంటే నలుగురి చేతా ఈ వాక్యం రాయించండి. పిల్లలు రాసేదానికి, పెద్దవాళ్లు రాసేదానికి ఒక్కోసారి అసలు పొత్తు కుదరదు. ఆ సంగతి ఇంట్లోనే తేలిపోవడం మంచిది.

గోడ క్యాలెండర్ దింపండి

ఫోన్‌లో క్యాలెండర్ ఈ పనికి చాలదు. తిథులు, పండుగలు, ముహూర్తాలు, కార్తెలు ఉండే తెలుగు క్యాలెండర్ కావాలి. కిరాణా కొట్టువాళ్లు ఇచ్చేదైనా చాలు. రెండు పెన్నులు తీసుకోండి. వెళ్లకూడని రోజులకు ఎర్ర పెన్నుతో కొట్టివేత, వెళ్లదగిన వారాలకు నీలి పెన్నుతో సున్నా. మొదట కొట్టివేతలన్నీ అయ్యాకే సున్నాలు పెట్టండి.

వాతావరణం లెక్క

కొండ ప్రాంతం అనగానే చల్లగా ఉంటుందని మనం అనుకుంటాం. ఎంత చల్లగా అన్నది ఎత్తును బట్టి ఉంటుంది. సుమారు ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఆరు డిగ్రీలకు కాస్త పైన వేడి తగ్గుతుంది. బెజవాడ దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. అరకు ఎత్తు 900 మీటర్ల చిల్లర, హార్సిలీ హిల్స్ 1,265 మీటర్లు, ఊటీ 2,240 మీటర్లు. రోహిణి కార్తెలో ఇక్కడ 42 డిగ్రీలు కాస్తుంటే, ఈ లెక్కన అరకులో మధ్యాహ్నం 36 వరకు ఉండొచ్చు. ఊటీలో స్వెట్టర్ ఎందుకు అవసరమో, మే నెల మధ్యాహ్నం అరకులో గొడుగు ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలిసిపోతుంది. ఇది అంచనా మాత్రమే. అసలు సంఖ్యల కోసం భారత వాతావరణ శాఖ సైట్‌లో ఒక్కో ఊరికి నెలవారీ సగటులు చూడండి. వాటిని ముప్ఫై ఏళ్ల లెక్కల మీద కడతారు కాబట్టి, నిరుడు వెళ్లొచ్చిన చుట్టాల మాట కంటే నమ్మదగినవి.

ఆ పట్టికలో చాలామంది ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తారు. మీరు "వర్షపు రోజులు" అన్న గడి కూడా చూడండి. కనీసం 2.5 మిల్లీమీటర్ల వాన పడిన రోజును వర్షపు రోజుగా లెక్కేస్తారు. నెలలో 200 మిల్లీమీటర్లు అని ఉంటే, అది ఎనిమిది రోజుల్లో పడిందా, ఇరవై రోజుల్లో పడిందా అన్నదే మన టూర్‌ను తేలుస్తుంది. ఎనిమిది రోజులైతే మధ్యలో ఎండ దొరుకుతుంది. ఇరవై రోజులైతే గదిలో కూర్చోవాల్సిందే.

ఇంకో సంగతి, వానాకాలం అన్నిచోట్లా ఒకటి కాదు. కేరళను నైరుతి రుతుపవనాలు జూన్ మొదట్లోనే తాకుతాయి. చెన్నై, రామేశ్వరం వైపు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. దసరా అయ్యాక ఇక్కడ వానలు తగ్గాయి కదా అని దీపావళికి రామేశ్వరం పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మన తీరానికైతే అక్టోబర్, నవంబర్, డిసెంబర్ మొదటి వారాలు తుఫాన్ల కాలం. 1977 నవంబర్ 19న దివిసీమ, 2014 అక్టోబర్ 12న విశాఖ మీద హుద్‌హుద్, 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిచాంగ్. అంతమాత్రాన ఆ నెలలన్నీ కొట్టేయనక్కర్లేదు, వలిసె పూలు పూసేదీ అప్పుడే. కాకపోతే ఆ నెలల్లో పెట్టుకునే టూర్‌కు హోటల్ డబ్బు వెనక్కిచ్చే షరతు ఉండాలి. తిరుగు ప్రయాణానికి, ఆఫీసులో చేరాల్సిన రోజుకు మధ్య ఒక రోజు ఖాళీ ఉంచండి.

నీళ్ల కోసం వెళ్తే తేదీ పెట్టకండి

ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి. మన వైపు ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడు చూడాలని అందరికీ ఉంటుంది. మాకు కుంభవృష్టి కురిసినా అక్కడ గేట్లు ఎత్తకపోవచ్చు. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎత్తొచ్చు. కృష్ణమ్మ మహారాష్ట్ర కొండల నుంచి రావాలి. ముందు ఆలమట్టి నిండాలి, తర్వాత నారాయణపూర్, జూరాల, ఆ తర్వాత శ్రీశైలం. అది దాటాక నాగార్జునసాగర్, పులిచింతల, చివరికి మన ప్రకాశం బ్యారేజీ. సాధారణంగా జూలై చివరి నుంచి అక్టోబర్ వరకు ఎప్పుడైనా ఈ వరస సాగొచ్చు. అందుకే శ్రీశైలానికి ముందుగా తేదీ పెట్టి గది తీసుకోవడం కంటే, బ్యాగు సర్దుకుని పేపర్ చూస్తుండటం మేలు. ఆలమట్టి నిండింది, జూరాల నుంచి పెద్ద ఎత్తున నీరు వదులుతున్నారు అన్న వార్త వస్తే శ్రీశైలం వంతు దగ్గర పడినట్టే. ఆ వారంలో మంగళ, బుధ వారాలు చూసుకుని వెళ్లండి. ఆగస్టు 15 చుట్టూ వచ్చే వరుస సెలవుల్లో హైదరాబాద్ కార్లన్నీ ఘాట్ రోడ్డు మీదే ఉంటాయి. రాత్రిపూట నల్లమల అడవిలో వాహనాలను ఆపేస్తారు కాబట్టి చీకటి పడకముందే చెక్‌పోస్టు దాటేలా బయల్దేరాలి.

పాపికొండలది దీనికి సరిగ్గా తిరగేసిన లెక్క. గోదావరి వరద మీద ఉన్నప్పుడు పడవలు ఆపేస్తారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది వరద ఉన్న గోదావరిలోనే. వరద తగ్గి, అధికారులు అనుమతిచ్చి, నది నిదానించాక నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లండి. ఆగస్టులో ఎవరైనా "ఏం పర్లేదు, ఎక్కండి" అంటే ఎక్కవద్దు.

వరద చూడటానికి బ్యారేజీ మీదకు పిల్లలను తీసుకెళ్లేవాళ్లకు కూడా ఒక మాట. డెబ్బై గేట్లూ ఎత్తి ఉన్నప్పుడు ఆ దృశ్యం గొప్పదే. కానీ ప్రమాద హెచ్చరిక ఉన్న రోజున నది దగ్గరకు వెళ్లకండి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగూ కృష్ణా ఒక్కసారే పొంగి ఏం చేశాయో సింగ్‌నగర్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

సూర్యలంక సముద్రానికి వెళ్లేవాళ్లు వానాకాలంలో ఒడ్డునే ఉండండి. చేపలు, రొయ్యలు తిందామని వెళ్తే మాత్రం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం ఉంటుందని తెలిసి వెళ్లండి. ఆ రెండు నెలల్లో సముద్రపు చేప తక్కువ దొరుకుతుంది, దొరికినా ధర ఎక్కువ.

రద్దీ లెక్క

ఇప్పుడు క్యాలెండర్‌లో ముహూర్తాలు చూడండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వంటి పెళ్లిళ్ల నెలల్లో మన రాష్ట్రంలో మంచి హోటల్ గదులు, కార్లు పెళ్లివారికే పోతాయి. శూన్యమాసాలు వచ్చేసరికి ఆ ఒత్తిడి పోతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం మనకు శుభకార్యాలకు పనికిరావు కానీ ప్రయాణానికి చాలా బాగా పనికొస్తాయి. పుష్యమాసం సాధారణంగా డిసెంబర్ చివర, జనవరి ప్రాంతంలో వస్తుంది. కొత్త సంవత్సరం హడావుడి అయ్యాక, సంక్రాంతి సెలవులకు ముందు దొరికే ఆ వారం దక్షిణాదిలో ఎక్కడికైనా సరే. హంపి, మైసూరు, తంజావూరు ఎటైనా వెళ్లండి. ఏడాది మొత్తంలో నేను మొదట సున్నా పెట్టేది ఆ వారానికే.

సంక్రాంతికి బెజవాడ వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. భోగికి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి ఇటు వచ్చే రోడ్డు కిక్కిరిసి ఉంటుంది. అటు వెళ్లే రోడ్డు మాత్రం ఖాళీగా ఉంటుంది. కనుమ తర్వాత ఇది తిరగబడుతుంది. హైదరాబాద్ చూపిస్తామని పిల్లలకు మాటిచ్చి ఉంటే ఆ నాలుగు రోజులే సరైనవి.

దసరాకు మన ఊరే యాత్రాస్థలం. ఇంద్రకీలాద్రి మీద మూలా నక్షత్రం రోజున అమ్మవారిని సరస్వతీదేవిగా చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ రోజుల్లో ఊరు వదిలి వెళ్లే రైలు కంటే తిరిగొచ్చే రైలుకే కష్టం. కాబట్టి తిరుగు టికెట్ ముందు చూసుకోండి. అమ్మవారి దర్శనం కోసం బయటి ఊళ్ల నుంచి చుట్టాలు రావాలనుకుంటే, మాఘమాసంలో మామూలు వారం మధ్యలో రమ్మనండి. తనివితీరా చూసుకుంటారు.

ఇతర రాష్ట్రాల పండుగలు మన క్యాలెండర్‌లో పెద్దగా కనబడవు. దుర్గాపూజ సెలవుల్లో బెంగాలీ కుటుంబాలు విశాఖ, అరకు బాగా వస్తారు. దీపావళి తర్వాత గుజరాతీలు దేశమంతా తిరుగుతారు. శ్రీశైలానికి శివరాత్రి, కార్తీక సోమవారాలు, కోటప్పకొండకు శివరాత్రి, సూర్యలంకకు కార్తీక పౌర్ణమి. ఆ ఉత్సవమే చూడాలని వెళ్తే వేరే మాట. లేకపోతే ఎర్ర పెన్ను. 2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. ఆ ఏళ్లలో రాజమండ్రి, విజయవాడ చుట్టూ విహారయాత్ర అనుకునేవాళ్లు పుష్కరాల తేదీలు చూసుకోవాలి.

ఇంట్లో వాళ్ల లెక్క

ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ఎవరో, వాళ్లకు ఏ కాలం పడదో దాన్నిబట్టి నెల పెట్టండి. ఆస్తమా ఉన్నవాళ్లను జనవరిలో లంబసింగి తెల్లవారుజాము చలిలోకి తీసుకెళ్లడం న్యాయం కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వానలో తడిసిన మెట్లు ప్రమాదం. ఏడాదిన్నర పాపకు వడగాడ్పు తట్టుకునే శక్తి ఉండదు. మిగతావాళ్లకు కాస్త తక్కువ మంచి నెలైనా, వీళ్లకు పడే నెలే పెట్టండి.

పదో తరగతి, ఇంటర్ పిల్లలుంటే మార్చి మొత్తం కొట్టేయండి. గుంటూరులో మిర్చి వ్యాపారం, కమీషన్ కొట్లు ఉన్నవాళ్లకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఊపిరాడదు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాకే వాళ్లకు తీరిక.

మే నెల తప్ప వేరే దారి లేనివాళ్లకు

చాలామంది పరిస్థితి ఇదే. ఇలాంటప్పుడు నెల మార్చలేరు కాబట్టి ఊరు మార్చండి, వారం మార్చండి. మన బడులకు ఏప్రిల్ చివరి వారంలో సెలవులు మొదలవుతాయి. ఢిల్లీ వైపు బడులకు మే నెల మధ్యలో గానీ మొదలు కావు. అంటే ఏప్రిల్ ఆఖరు నుంచి మే 10 వరకు సిమ్లా, మనాలి, నైనితాల్‌లో వాళ్ల రద్దీ ఇంకా రాదు. ఆ పదిహేను రోజులూ మనవే. జూన్ మొదటి వారం దాకా ఆగితే వాళ్లూ మనమూ ఒకే గది కోసం పోటీ పడాలి. ఊటీ, కొడైకెనాల్‌కు సొంత కారులో వెళ్తే 2024 మే నుంచి ఈ-పాస్, అంటే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. బయల్దేరే రోజు దాకా ఆగకుండా ముందే తీసుకుంటే టెన్షన్ ఉండదు.

వేసవిలో తిరుమల అనుకునేవాళ్లు 300 రూపాయల దర్శనం కోటా దాదాపు మూడు నెలల ముందు ఆన్‌లైన్‌లో వదులుతారని మర్చిపోకండి. మే కోసం ఫిబ్రవరిలోనే కన్నేసి ఉంచాలి.

ఫోన్ చేసి అడగండి, ప్రశ్న మార్చి అడగండి

"ఇప్పుడు వస్తే బాగుంటుందా అండీ?" అని అడిగితే హోటల్ వాళ్లు ఏ నెలలోనైనా "రండి మేడమ్, చాలా బాగుంటుంది" అనే అంటారు. నేను ఇలా అడుగుతాను: "జలపాతంలో నీళ్లు నిన్న ఎలా పడుతున్నాయండీ? ఈ వారంలో పార్కు ఏ రోజైనా మూశారా? నిరుడు ఇదే వారంలో ఎన్ని గదులు నిండాయి?" ఇలా అడిగితే వాళ్లు ఆగి, ఆలోచించి, నిజం చెబుతారు. తర్వాత మ్యాప్‌లో ఆ చోటు తెరిచి, జనం పెట్టిన ఫొటోల్లో కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, మీరు వెళ్లే నెలలోనే తీసినవి చూడండి. ప్రకటనల్లో వాడేవి ఆ చోటు బాగా ఉన్న రోజున తీసిన ఫొటోలు. సందర్శకులవి అలా ఉండవు. నేషనల్ పార్కు, అడవి, గుహ, బోటు, రోప్‌వే వీటిలో ఏదైనా మీ వాక్యంలో ఉంటే ఏటా మూసే రోజులు ఏవని విడిగా కనుక్కోండి. టైగర్ రిజర్వులు చాలావరకు వానాకాలంలో సఫారీలు ఆపేస్తాయి. ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మా అత్తయ్యగారు ఆ మేకలను చూసి ఉండేవారు.

టికెట్ రోజు

రైల్వే ముందస్తు బుకింగ్ ఇప్పుడు 60 రోజులే. 2024 నవంబర్ 1 నుంచి 120 రోజులను అలా తగ్గించారు. క్యాలెండర్‌లో సున్నా పెట్టిన తేదీ నుంచి వెనక్కి 60 రోజులు లెక్కపెట్టి, ఆ రోజు ఉదయం 8 గంటలకు కూర్చోవాలి.

అరకునే తీసుకుందాం. వాక్యం: వలిసె పూలు, రైలు సొరంగాలు, బొర్రా గుహలు. పూలను బట్టి నవంబర్ చివర, డిసెంబర్ మొదలు. కార్తీక ఆదివారాలు, శనివారాలు కొట్టివేత. డిసెంబర్ 1 దగ్గర పని రోజులు మిగిలాయి అనుకోండి. డిసెంబర్ 1 టికెట్ అక్టోబర్ 2న తెరుస్తారు. పొద్దున్నే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖ. అరకు వెళ్లే కిరండూల్ రైలు విశాఖలో ఉదయం ఏడు కాకముందే బయల్దేరుతుంది కాబట్టి ఆ రాత్రి విశాఖలో ఉండాలి. అద్దాల పైకప్పు ఉండే విస్టాడోమ్ పెట్టెలో సీట్లు త్వరగా అయిపోతాయి, డిసెంబర్ 2 నాటి ఆ టికెట్ కోసం అక్టోబర్ 3న కూడా కూర్చోండి. అరకులో రెండు రాత్రులు, తిరిగొచ్చాక ఒక రోజు ఖాళీ. బయల్దేరే ముందు ఐదు రోజులూ బంగాళాఖాతంలో అల్పపీడనం ఏదైనా ఉందేమో వాతావరణ శాఖ బులెటిన్‌లో చూస్తుండాలి. అది వాయుగుండంగా మారి ఉత్తరాంధ్ర వైపు వస్తోందంటే టికెట్ రద్దు చేసేసుకోండి. వలిసె పూలు మళ్లీ ఏడాది పూస్తాయి.

మా అత్తయ్యగారి కోసం ఈసారి మున్నార్‌కు నవంబర్ మూడో వారంలో సున్నా పెట్టాను. పార్కు తెరిచే ఉంటుందని రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ వారంలో ఈశాన్య వానలు ఒకటి రెండు రోజులు పడొచ్చు. అందుకని పార్కుకు ఒక రోజు బదులు రెండు రోజులు ఉంచాను.